దొరకని పుస్తకం

విద్యార్థి సంఘం సెక్రటరీ గారు మా తమ్ముడి కూతురి ద్వారా కబురు పెట్టారు. ‘‘ఈ ఏటి సంచికలో పాత విద్యార్థులకి కొన్ని పేజీలు ఉంచాం, మీ పెదనాన్నగారిని ఏదైనా రాయమను’’ అని. ఏదైనా అంటే ఏం రాయను? పాత విద్యార్థులు రాసేవి రెండే రకాలు. ‘మా రోజుల్లో’ అని మొదలుపెట్టి ఇప్పటివాళ్లని చీవాట్లు పెట్టడం ఒకటి. తాము ఇంతవాళ్లం ఎలా అయ్యామో చెప్పుకోవడం రెండోది. నేను ఇంతవాణ్ణేమీ కాలేదు. ఒక డిగ్రీ కాలేజీలో ముప్ఫై పైచిలుకు ఏళ్లు స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇక చీవాట్లు పెట్టే హక్కు నాకు ఎంతుందో ఇది పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

అసలు ఈ రాతకి కారణం సెక్రటరీ గారి కబురు కాదు, ఆ పిల్ల అడిగిన ప్రశ్న. తనిప్పుడు మన కాలేజీలోనే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, మొదటి ఏడు. సంక్రాంతికి వచ్చి, భోగిమంట దగ్గర అందరూ లేచి వెళ్లిపోయాక నా పక్కన కూర్చుని అడిగింది.

‘‘పెదనాన్నా, అడ్వాన్స్‌డ్ ప్రాబబిలిటీకి మంచి పుస్తకం ఏది?’’

‘‘నీ దగ్గర ఏమున్నాయి?’’ అన్నాను.

ఫోను తీసి చూపించింది. బిల్లింగ్స్లీ, డ్యూరెట్, విలియమ్స్, షిర్యాయెవ్, కాలెన్‌బర్గ్, ఫెల్లర్ రెండు సంపుటాలూ, వరదన్ గారి లెక్చర్ నోట్సు, ఇంకా నాకు పేర్లు కూడా తెలియనివి. లెక్కపెడితే పదిహేడు. అవి కాక వీడియో పాఠాలు మూడు కోర్సులు. నేను చదువుకున్న రోజుల్లో ఇందులో సగం దేశంలో ఏ లైబ్రరీలోనైనా ఒక్కచోట ఉండేవా అని అనుమానం.

‘‘మరింకేం కావాలే తల్లీ?’’

‘‘అన్నిట్లోనూ మొదటి చాప్టరు చదివాను పెదనాన్నా. సిగ్మా ఆల్జీబ్రా డెఫినిషన్ ఆరు పుస్తకాల్లో ఆరుసార్లు చదివాను. రెండో చాప్టరుకి వచ్చేసరికి ఈ పుస్తకం నాకు సరిపడదనిపిస్తుంది. ఇంకోటి డౌన్‌లోడ్ చేస్తాను. నాకు బుర్ర లేదేమో. మానేసి బీఎడ్‌లో చేరిపోదామనుకుంటున్నా.’’

నవ్వుతూనే చెప్పింది కాని, మంట వెలుగులో కళ్లు తెలుస్తూనే ఉన్నాయి. నేను లేచి లోపలికి వెళ్లి అటక మీది ట్రంకు పెట్టెలోంచి ఒక పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను. మాస్కో మీర్ పబ్లిషర్స్ వాళ్లు ఇంగ్లీషులో వేసిన గ్నెదెన్కో. అట్ట ఊడిపోయింది, పేజీలు పచ్చబడ్డాయి. తిరగేస్తుంటే ఒకచోట మార్జిన్లో పెన్సిలుతో తెలుగులో రాసి ఉంది: ‘లైట్ హౌస్ గుర్తు తెచ్చుకో’.

‘‘ఈ రాత నీది కాదే. ఎవరిది పెదనాన్నా?’’

‘‘మా పాలకొల్లుది’’ అన్నాను. అంతకంటే చెప్పలేకపోయాను. చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

1981లో నేను ఈ కాలేజీలో చేరాను. హాస్టల్లో అప్పుడు ఊరి పేర్లే మా పేర్లు. నేను సాలూరుని. నా రూమ్మేటు పాలకొల్లు. అమలాపురం, పార్వతీపురం, తుని ఎదురు గదుల్లో ఉండేవాళ్లు. డిగ్రీ వరకూ నాది తెలుగు మీడియం. తెలుగు అకాడమీ పుస్తకాలు చదువుకుని ఫస్టు క్లాసులో పాసయ్యాను. సంభావ్యత అంటే నాకు బొమ్మా బొరుసూ, పాచికలూ, పేకముక్కలూ, సంచిలో ఎర్రబంతులూ నల్లబంతులూ. అనుకూల పర్యవసానాలు ఎన్నో లెక్కపెట్టు, మొత్తం పర్యవసానాలతో భాగించు. ఆ భాగహారంలో మా జిల్లాలో నన్ను మించినవాడు లేడని నాకో నమ్మకం.

ఎమ్మెస్సీ మొదటి రోజు క్లాసులో బోర్డు మీద మూడు అక్షరాలు పడ్డాయి. ఒక ఒమేగా, వంకర్లు తిరిగిన ఒక ఎఫ్, ఒక పి. ఇదే ప్రాబబిలిటీ అన్నారు. బంతులు లేవు, సంచి లేదు. నెల తిరిగేసరికి మెజరు, ఇంటెగ్రలు, ఆల్మోస్ట్ ష్యూర్ కన్వర్జెన్సు. మా లెక్చరరు గారు మంచివారే. కానీ తమ చదువు రోజుల్లో రాసుకున్న నోట్సు మాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పేవారు, మేం అక్షరం పొల్లుపోకుండా రాసుకునేవాళ్లం. మధ్యలో ఎవరైనా ‘ఎందుకండీ’ అంటే, ‘‘అది మెజర్ థియరీలో వస్తుందోయ్’’ అనేవారు. మెజర్ థియరీ పేపరు మా సిలబసులో మరుసటి ఏడు!

ఈ గొడవంతా ఎందుకు వచ్చిందో నాకు చాలా కాలానికి తెలిసింది. నాణెం పదిసార్లు ఎగరేస్తే 1024 పర్యవసానాలు, లెక్కపెట్టొచ్చు. ఆగకుండా ఎగరేస్తూనే ఉంటే? అప్పుడు పర్యవసానాలు లెక్కకి అందవు. ఏ ఒక్క వరసని తీసుకున్నా అదే రావడానికి సంభావ్యత సున్నా, అయినా ఏదో ఒక వరస రాక మానదు. మరి వేటికి సంభావ్యత ఇవ్వాలి, వేటికి ఇవ్వలేం? పొడవు, వైశాల్యం కొలిచే పద్ధతినే సంభావ్యతకి పునాదిగా వేసి 1933లో రష్యా గణితవేత్త కొల్మగోరోవ్ జర్మన్‌లో చిన్న పుస్తకం రాశాడు. 1950లో ఇంగ్లీషులోకి వచ్చింది. వంద పేజీలు లేదు. ఇప్పుడు ప్రపంచంలో అడ్వాన్స్‌డ్ ప్రాబబిలిటీ అని ఎక్కడ చెప్పినా ఆ పునాది మీద లేచిన మేడే. ఈ నాలుగు వాక్యాలు మొదటిరోజు ఎవరైనా చెప్పి ఉంటే నాకు చాలా నిద్ర మిగిలేది.

సరే, పుస్తకాల సంగతి. ఫెల్లర్ మొదటి సంపుటం అందరి దగ్గరా ఉండేది. 1950లో వచ్చిన ఆ పుస్తకమంత రుచి ఉన్న లెక్కల పుస్తకం నేనింకోటి చూడలేదు. కానీ అందులో లెక్కపెట్టదగ్గ పర్యవసానాలే. మేం మునుగుతున్న నీళ్లు అందులో లేవు. రెండో సంపుటం మహాసముద్రం. ఏ పేజీ తీసినా బాగుంటుంది, ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్లాలో మాత్రం కొత్తవాడికి తెలియదు. లోయెవ్ పుస్తకం చూస్తేనే భయం. ఇలాంటి స్థితిలో సీనియరు ఒకాయన, ‘‘చుంగ్ చదవండర్రా, అదొక్కటి చదివితే పేపరు గట్టెక్కినట్టే’’ అని చెప్పి పుణ్యం కట్టుకున్నాడు. కై లాయ్ చుంగ్ రాసిన ‘ఎ కోర్స్ ఇన్ ప్రాబబిలిటీ థియరీ’. మొదట 1968లో వచ్చింది. లైబ్రరీలో ఉన్నది ఒక్క కాపీ. బయటికివ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. క్లాసులో మేం పద్దెనిమిది మందిమి.

కొనుక్కోవచ్చు కదా అంటారేమో. ఆ పుస్తకం ధరకి మా ఇంట్లో రెండు నెలలు గడిచేవి. జిరాక్స్ మిషను ఊళ్లో అప్పుడప్పుడే వచ్చింది, పేజీకి అడిగే డబ్బుతో పొద్దుటి టిఫిను వచ్చేది.

ఆ పుస్తకం కోసం మధ్యాహ్నం భోజనం మానేసి లైబ్రరీకి పరిగెత్తేవాళ్లం. ముందెళ్లినవాడిది అదృష్టం. జనవరిలో ఇంటర్నల్ పరీక్ష తేదీ వేశారు. అందులో మార్కుల్ని బట్టి డిపార్టుమెంటులో ఒక మెరిట్ స్టైపెండు ఇచ్చేవారు. దాని మీద కన్ను నాకంటే ఎక్కువ పాలకొల్లుకి ఉండేది. వాళ్ల నాన్న కొబ్బరి దింపు పనికి వెళ్లేవాడు. నాకు ఇంటినుంచి మనియార్డరు వచ్చేది, వాడికి వచ్చేది కాదు.

ఒకరోజు సాయంత్రం చుంగ్ నా చేతికి చిక్కింది. ఏడున్నరకి అటెండరు లైట్లు ఆర్పుతున్నాడు. అలమర వైపు నడిచినవాణ్ణి, దారిలో ఆగాను. మూలన పాత జనాభా లెక్కల సంపుటాలుండే బీరువా ఉంది. వాటి మీద దుమ్ము చూస్తే 1951 నుంచీ ఎవరూ ముట్టుకోనట్టే ఉండేది. ఆ సంపుటాల వెనక చుంగ్‌ని పెట్టి, వాటిని మళ్లీ వరసగా సర్ది, చేతులు దులుపుకుని బయటికి వచ్చాను. ఒక్క రోజుకే అనుకున్నాను. దొంగతనం కాదు, పుస్తకం లైబ్రరీలోనే ఉందిగా అని కూడా అనుకున్నాను. ఇలాంటి వాదనలకి బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో!

ఆ ఒక్క రోజు అయిదు వారాలైంది.

రోజూ మధ్యాహ్నం ఆ మూల కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చునేవాణ్ణి. ముందు ఒక జనాభా లెక్కల సంపుటం తెరిచి ఉంచి, దానిలో చుంగ్‌ని పెట్టుకునేవాణ్ణి. బడిపిల్లలు వాచకంలో డిటెక్టివ్ నవల పెట్టుకున్నట్టు. అయిదు వారాల్లో ఎన్ని పేజీలు చదివానో తెలుసా? ముప్ఫై నాలుగు. అవి కూడా అర్థమై కాదు. ఒక వాక్యం చదువుతాను, దానిలో ‘క్లియర్లీ’ అని ఉంటుంది. ఎక్కడ క్లియరో తెలియదు. లిమ్ సుప్, లిమ్ ఇన్ఫ్ అని వస్తుంది. డిగ్రీలో వాటి నిర్వచనాలు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, అయినా అవేమిటో తెలియదు. కానీ వదల్లేదు. క్లాసు మొత్తానికి లేని పుస్తకం నాకొక్కడికే ఉందనే తృప్తిని చదువనుకున్నాను.

రాత్రి గదికి వస్తే పాలకొల్లు అడిగేవాడు. ‘‘ఒరేయ్ సాలూరూ, చుంగ్ జాడ ఏమైనా తెలిసిందా?’’

‘‘లేదురా. ఎవడో ఎత్తుకుపోయుంటాడు.’’

‘‘అటెండరు గారిని కూడా అడిగాన్రా. ఆయన అలమరలన్నీ వెతికాడు పాపం.’’

నేను దుప్పటి కప్పుకునేవాణ్ణి.

ఇంటర్నల్లో నాకు 50కి 17 వచ్చాయి. పాలకొల్లుకి 31. స్టైపెండు 33 వచ్చినవాడికి వెళ్లింది. చుంగ్ రెండు నెలల కిందటే చదివేసిన వాడు అతను. పాలకొల్లు ఏమీ అనలేదు. ఆ వారం నుంచీ సాయంత్రాలు ఊళ్లో ఇద్దరు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పడానికి వెళ్లడం మొదలుపెట్టాడు. మెస్ బిల్లుకి. రాత్రి తొమ్మిదికి కాళ్లీడ్చుకుంటూ వచ్చి, చల్లారిన అన్నం తిని, అప్పుడు పుస్తకం తీసేవాడు.

ఏ పుస్తకం? అదే చెప్పబోతున్నాను. చుంగ్ దొరకదని తేలాక వాడు ఏడుస్తూ కూర్చోలేదు. ఊళ్లో సోవియట్ పుస్తకాల ప్రదర్శన పెట్టారు. మీర్ వాళ్ల పుస్తకాలు అప్పట్లో ఎంత చవకో మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి. గట్టి అట్ట, మంచి కాగితం, మూడు నాలుగు సినిమా టిక్కెట్ల డబ్బు. వాడి దగ్గర సగమే ఉంది. మిగతా సగం నేనిచ్చాను. పాపపరిహారం అనుకోండి. అలా గ్నెదెన్కో మా గదిలోకి వచ్చింది. లైబ్రరీలో ఎవరికీ అక్కర్లేని కొల్మగోరోవ్ చిన్న పుస్తకాన్ని వాడు నోటుబుక్కులోకి చేత్తో ఎక్కించుకున్నాడు. రుడిన్ ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ మేథమెటికల్ అనాలిసిస్’ తునిదగ్గర అప్పు తెచ్చి మొదటి మూడు అధ్యాయాలు లెక్కలతో సహా మళ్లీ చేశాడు. ఎమ్మెస్సీ చదివేవాడు మళ్లీ బీయస్సీ లెక్కలు చేయడమేమిట్రా అని మేం నవ్వాం.

‘‘మనకి రానిది ప్రాబబిలిటీ కాదురా. మనకి అనాలిసిస్ రాదు. పునాది లేని గోడకి సున్నం వేస్తున్నాం’’ అన్నాడు.

ఫిబ్రవరి చివర ఒక రాత్రి నేనే సిగ్గు విడిచి అడిగాను. ‘‘కన్వర్జెన్స్ ఇన్ ప్రాబబిలిటీకీ, ఆల్మోస్ట్ ష్యూర్ కన్వర్జెన్సుకీ తేడా ఏమిట్రా? రెండూ ఒకటే అనిపిస్తున్నాయి.’’

వాడు చొక్కా వేసుకుని ‘‘పద బీచికి’’ అన్నాడు. వెళ్లి ఇసకలో కూర్చున్నాం. దూరంగా లైట్ హౌస్ తిరుగుతోంది.

‘‘బీచి మొత్తం పొడవు ఒకటి అనుకో. ఇసకలో ఎక్కడో ఒకచోట కళ్లు మూసుకుని నిన్ను కూర్చోబెట్టారు. మొదటి చుట్టులో లైటు బీచంతా ఒకేసారి పడుతుంది. రెండో చుట్టులో సగం మీద పడి, తర్వాత మిగతా సగం మీద పడుతుంది. మూడో చుట్టులో మూడో వంతు చొప్పున మూడు సార్లు. నాలుగో చుట్టులో పావు చొప్పున నాలుగు సార్లు. అలా వెలుతురు సన్నబడుతూ పోతుంది. చాలాసేపటి తర్వాత ఒక క్షణం చెప్పి, ఆ క్షణాన నీ మీద లైటు పడే సంభావ్యత ఎంత అంటే?’’

‘‘వెయ్యో చుట్టులో అయితే వెయ్యో వంతు. సున్నాకి పోతోంది.’’

‘‘అదీ ఇన్ ప్రాబబిలిటీ. ఇప్పుడు చుట్టుకోసారి నీ మీద లైటు పడకుండా ఉంటుందా?’’

ఉండదు. ఎంత సన్నబడినా బీచంతా తుడుచుకుంటూ పోతోంది కాబట్టి ప్రతి చుట్టులోనూ ఒక్కసారి నా మొహం మీద పడి తీరుతుంది. ఇక పడదు అని నిశ్చింతగా నిద్రపోయే క్షణం నాకెప్పటికీ రాదు. బీచిలో ఏ ఒక్కడికీ రాదు. అంటే ఆల్మోస్ట్ ష్యూర్‌గా సున్నాకి పోవడం లేదు.

తర్వాత పుస్తకాల్లో చూస్తే ఈ ఉదాహరణ అందరూ ఇస్తారు, అంకెలతో, ఇంటర్వళ్లతో. గ్నెదెన్కో మార్జిన్లో వాడు రాసుకున్నది దాని గుర్తుకే. నాకు మాత్రం ఆ రాత్రే, ఆ ఇసకలోనే అర్థమైంది. అర్థం కావడం అంటే ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. అంతకుముందు నాకు వచ్చినవన్నీ మార్కులు.

వాడు ఊపులో ఉన్నాడు. బోరెల్–కాంటెల్లి లెమ్మాని మెస్ సాంబారుతో చెప్పాడు. రోజురోజుకీ సాంబారు పలచబడుతోంది. నీ గిన్నెలో ములక్కాడ ముక్క పడే సంభావ్యత మొదటిరోజు ఒకటి, రెండో రోజు 1/2, మూడో రోజు 1/3, ఇలా తగ్గుతోందనుకో. ఏ రోజుకారోజు స్వతంత్రం. ఈ అంకెలన్నీ కూడితే హద్దు లేకుండా పెరుగుతుంది కాబట్టి, ఎంత అరుదైనా జీవితాంతం ముక్కలు వస్తూనే ఉంటాయి. అదే 1, 1/4, 1/9 చొప్పున తగ్గితే మొత్తం రెండు కూడా దాటదు. అప్పుడు ఏదో ఒక రోజు ఆఖరి ముక్క తింటావు, ఆ తర్వాత ఇక చారే. ‘‘మన వార్డెను ఏ సిరీస్ ఫాలో అవుతున్నాడో తేల్చాలి’’ అన్నాడు. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

నవ్వుతూనే ఉన్నాను, లైటు వచ్చి మా ఇద్దరి మీదా పడి పోయింది. అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ‘‘పోదాంరా, పొద్దున ట్యూషనుంది’’ అని వాడు లేచాడు.

మర్నాడు లైబ్రరీ తలుపు తీయగానే వెళ్లి జనాభా లెక్కల వెనక నుంచి చుంగ్‌ని తీసి, దాని అలమరలో దాని చోట పెట్టి వచ్చేశాను. ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం మెస్‌లో అన్నం కలుపుతుంటే వాడు ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చాడు.

‘‘ఒరేయ్ సాలూరూ! దొరికిందిరా! అలమరలోనే ఉందిరా! ఇంకా ఎవరికీ చెప్పలేదు, ముందు నీకే చెబుతున్నా. రా, ఇద్దరం కలిసి చదువుదాం.’’

నలభై ఏళ్లు దాటింది. ఆ ముద్ద గొంతు దిగిన సంగతి నాకింకా గుర్తు.

చదివాం. తుని, అమలాపురం కూడా కలిశారు. రాత్రి తొమ్మిదిన్నరకి వాడు ట్యూషన్నించి వచ్చాక మా గదిలో గోడకి బొగ్గుతో రాస్తూ ఒకడు పాఠం చెప్పాలి, మిగతావాళ్లు అడ్డుప్రశ్నలు వేయాలి. ‘క్లియర్లీ’ అన్నవాడికి అర్ధణా జరిమానా అని రూలు. అర్ధణాలు అప్పటికే చెల్లవు, అందుకే అందరం ఒప్పుకున్నాం. చిత్రమేమంటే, అయిదు వారాల్లో ముప్ఫై నాలుగు పేజీలు కదలని పుస్తకం ఆ తర్వాతి అయిదు వారాల్లో సగానికి పైగా కదిలింది. పుస్తకం అదే. ఏప్రిల్ పరీక్షలో నాకు సెకండ్ క్లాసు మార్కులు, వాడికి యూనివర్సిటీలో రెండో స్థానం వచ్చాయి. మార్కులు వచ్చాయి కానీ పోయిన స్టైపెండు రాలేదు. ఆ ట్యూషన్లు ఫైనలియరు దాకా సాగాయి.

తర్వాతెప్పుడో తెలిసింది, మా బొగ్గుగోడ చదువు కొత్తదేం కాదని. 1950ల చివర కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో రంగారావు, వరదరాజన్, పార్థసారథి, వరదన్ అని నలుగురు కుర్రాళ్లు ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటూ ఈ విద్య నేర్చుకున్నారు. వాళ్లకి పెద్దదిక్కు మన ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు. వారిలో వరదన్ గారికి 2007లో ఏబెల్ బహుమతి వచ్చింది. సి.ఆర్. రావు గారూ, పార్థసారథి గారూ ఇద్దరూ 2023లోనే పోయారు. పార్థసారథి గారి ‘ఇంట్రడక్షన్ టు ప్రాబబిలిటీ అండ్ మెజర్’ 1977లోనే మన దేశంలోనే అచ్చయింది. మేం చుంగ్ కోసం కొట్టుకుంటున్నప్పుడు ఆ పుస్తకం సంగతి చెప్పినవాడే లేడు. దొరకడానికి ఉండటం ఒక్కటే చాలదు మరి.

ఇక మా అమ్మాయికి ఏం చెప్పానంటారా? ముందు ఫోనులో పదిహేనింటిని తీసేయించాను. గిలగిల్లాడింది. డ్యూరెట్ ఉంచాను. అయిదో కూర్పు 2019లో వచ్చింది, రచయిత తన వెబ్‌సైటులో ఊరికే ఇస్తున్నాడు. లెక్కలు దండిగా ఉంటాయి. కానీ ఆయన మాటల పొదుపరి, మొదటిసారి చదివేవాడికి గొంతు ఎండుతుంది. అందుకని పక్కన విలియమ్స్ ‘ప్రాబబిలిటీ విత్ మార్టింగేల్స్’ ఉంచాను. 1991లో వచ్చిన చిన్న పుస్తకం. ఆయన మన పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు రాస్తాడు, అవసరమైనంత మెజర్ థియరీ తనే చెప్పుకుంటాడు. మార్టింగేల్ అంటే న్యాయమైన జూదం. ఇవాళ్టి దాకా తెలిసినదంతా చూసి రేపు నీ దగ్గర ఎంతుంటుందని అడిగితే, ఇవాళ ఉన్నంతే అనేదే ఉత్తమమైన జవాబు. ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేసుకుంటూ పోతే గెలవక తప్పదని మా హాస్టల్ పేకాటరాయుళ్లు వాదించేవాళ్లు. దానికి అంతులేని అప్పు ఇచ్చేవాడు కావాలని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. కొందరు అనుభవం మీద తెలుసుకున్నారు.

కాలెన్‌బర్గ్‌ని ఉద్యోగం వచ్చాక చదువుకోమన్నాను. అది చదువుకునే పుస్తకం కాదు, చదువుకున్నవాళ్లు వెతుక్కునే పుస్తకం. బిల్లింగ్స్లీ తీసేయించినందుకు నాకే బాధేసింది. 1979 నాటి ఆ పుస్తకం ఒక్కటే ఉన్నా చాలు, రెండు పుస్తకాలు మించకూడదన్న పంతానికి పోయాను గాని. వీడియోలు చూడొద్దనలేదు. ఐఐటీల వాళ్లూ, బెంగుళూరు ఐఐఎస్సీ వాళ్లూ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో మంచి పాఠాలున్నాయి. మాకు అలాంటి మాస్టారు ఒక్క గంట దొరికినా కాళ్లకి దణ్ణం పెట్టేవాళ్లం. కాకపోతే పక్కన పెన్సిలు కదలకుండా వీడియో చూస్తే అది సినిమా చూసినట్టే, హాయిగా ఉంటుంది, ఇంటికొచ్చాక లెక్క రాదు.

‘‘వీటన్నిటికంటే ముందు రుడిన్ మూడో అధ్యాయం చెయ్యి. సిగ్గుపడకు’’ అన్నాను.

‘‘మరి నాకు అర్థం కాకపోతే ఎవర్ని అడగను? నిన్ను ఫోన్లో అడగనా?’’

‘‘నీ రూమ్మేటు ఏ గ్రూపు?’’

‘‘స్టాటిస్టిక్సే. తనకీ రాదు.’’

‘‘అయితే మరీ మంచిది’’ అన్నాను.

మొన్న ఫోను చేసింది. వాళ్లు నలుగురయ్యారట. హాస్టల్ గోడకి బొగ్గుతో రాస్తే ఇప్పుడు ఫైను వేస్తారట, అందుకని తలుపు వెనక తెల్లబోర్డు పెట్టుకున్నారట. నలుగురికీ కలిపి ఒకటే పుస్తకం ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించారట. బోరెల్–కాంటెల్లి దాకా వచ్చారు. సాంబారు లెక్క చెబితే పడీపడీ నవ్వింది. ‘‘మా మెస్‌ది రెండో సిరీసే పెదనాన్నా’’ అంది. బీఎడ్ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పాలకొల్లు పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. నాలుగేళ్ల కిందట రాజమండ్రిలో తుని మనవరాలి ఓణీల ఫంక్షన్లో కలిశాం. జుట్టంతా పోయింది, నవ్వు మాత్రం అదే. భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చున్నాం. సాంబారు వడ్డించగానే ములక్కాడ ముక్క తీసి నా ఆకులో వేశాడు. తర్వాత ఉన్నట్టుండి, ‘‘ఒరేయ్, చుంగ్ గుర్తుందా? దెయ్యం ఎత్తుకుపోయి మళ్లీ దెయ్యమే తెచ్చి పెట్టింది’’ అని నా మొహంలోకి చూశాడు. నేను మజ్జిగ కోసం వడ్డించేవాణ్ణి పిలిచాను.

సంచిక అచ్చయ్యాక ఒక కాపీ పోస్టులో పంపించమని సెక్రటరీ గారికి వాడి అడ్రసు ఇచ్చాను.